మట్టి, తగరం, మరియమ్మ

ఫ్లోరెన్స్‌లో మైనరు పిల్లల్ని వదిలి ఇంటి పెద్ద కన్నుమూస్తే, ఆ పిల్లల ఆస్తి చెదిరిపోకుండా చూడడానికి నగర ప్రభుత్వానికి ఒక ప్రత్యేక కార్యాలయం ఉండేది. దాని గుమాస్తాలు ఇంటికి వచ్చి, గదిగదీ తిరిగి, కంటికి కనిపించిందల్లా రాసుకునేవారు. మంచం, పరుపు, పెళ్ళినాటి పెట్టెలు, దుప్పట్లు, ఇత్తడి సామాను, నేలమాళిగలో వైను పీపాలు. 15వ శతాబ్దంలో రాసిన ఇలాంటి జాబితాలు కట్టలకు కట్టలు ఇప్పటికీ ఆ నగరపు దస్తావేజుల భాండారంలో ఉన్నాయి. ఆస్తి లెక్క కోసం రాసినవి కాబట్టి వాటిలో భక్తి ఊసు ఉండదు. అయినా ఆనాటి ఇళ్ళలో భక్తి ఎలా ఉండేదో చరిత్రకారులు తెలుసుకున్నదాంట్లో చాలా భాగం ఈ పొడి లెక్కల నుంచి వచ్చిందే. ముఖ్యమైన పడకగదికి వచ్చేసరికి గుమాస్తాలు మళ్ళీ మళ్ళీ రాసిన వస్తువు ఒకటుంది: బిడ్డ యేసును ఎత్తుకున్న మరియమ్మ స్వరూపం. అది దేనితో చేసిందో కూడా తరచు రాశారు. ఒక ఇంట్లో చెక్క మీద వేసిన చిత్రం, ఇంకో ఇంట్లో గచ్చుతో పోసిన అచ్చు, మరో ఇంట్లో కాల్చిన మట్టి, ఎక్కడో పెద్దవాళ్ళ ఇంట్లో పాలరాయి.

మెదీచీల లాంటి మహా సంపన్నులకు ఇంట్లోనే ప్రార్థనాలయం ఉండేది. మిగతావాళ్ళకు పడకగదే దిక్కు. ఆ రోజుల్లో పడకగది అంటే నిద్రపోయే చోటు మాత్రమే అనుకోకూడదు. పెళ్ళికి ముస్తాబు చేసేది ఆ గదినే. పురుడు పోసుకునేదీ, జబ్బుతో పడుకునేదీ, ప్రాణం విడిచేదీ అక్కడే. దగ్గరి చుట్టాలు వస్తే కూర్చోబెట్టేది కూడా అక్కడే. గోడ మీది మరియమ్మ ఇవన్నీ చూస్తూ ఉండేది. స్వరూపానికి తెరో, చెక్క తలుపులో ఉండేవి. ముందు కొవ్వొత్తి వెలిగేది. సాయంత్రం చర్చి గంట మోగగానే ఆడామగా, పిల్లాజెల్లా మోకరించి మంగళవార్త జపం చెప్పుకునేవారు.

పిల్లల మాట ఊరికే అనలేదు. 1400 దాటిన తొలి సంవత్సరాల్లో జొవాన్ని దొమినీచి అనే డొమినికన్ గురువు, భర్త దేశబహిష్కారంలో ఉన్న ఒక ఫ్లోరెన్స్ ఇల్లాలి కోసం సంసారం నడిపే పద్ధతి మీద ఒక పుస్తకం రాశాడు. పిల్లల కళ్ళ ముందు ఇంట్లో పవిత్ర చిత్రాలో శిల్పాలో ఉంచమని అందులో సలహా ఇచ్చాడు. తల్లి పాలు తాగుతున్న యేసు, తల్లి ఒళ్ళో నిద్రపోతున్న యేసు, ఒంటె రోమాల వస్త్రం కట్టుకుని ఎడారికి వెళ్ళే పసి బాప్తిస్మ యోహాను ఉండాలన్నాడు. తమ ఈడు పిల్లల్ని చూసి తమను తాము పోల్చుకుంటారని ఆయన ఆలోచన. బాల శిక్షణకు బొమ్మలు అవసరమని చెప్పే ఇప్పటి బళ్ళ కన్నా ఐదారు వందల ఏళ్ళ ముందే చెప్పాడు. ఇంకో హెచ్చరిక కూడా చేశాడు. ఆ బొమ్మలకు బంగారం వెండి హంగులు ఎక్కువైతే పిల్లలు దేవుణ్ణి వదిలి బంగారానికి మొక్కడం నేర్చుకుంటారట. ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి. మనం చెప్పుకోబోయే మట్టి స్వరూపాలకు ఇంతకన్నా మంచి సిఫారసు దొరకదు.

అయితే ఇంట్లో పెట్టే శిల్పానికి చర్చి శిల్పానికి లేని కష్టాలున్నాయి. చర్చిలో అది ఎత్తున ఉంటుంది, దూరంగా ఉంటుంది. ఇంట్లో అది చేతికి అందుతుంది. ముద్దు పెడతారు, తాకి కళ్ళకద్దుకుంటారు, అడుగున దీపం పెడతారు. చలికాలంలో అదే గదిలో నిప్పు రాజేస్తారు. గచ్చు అచ్చు మీద, మామూలు టెర్రకోట మీద రంగులు కాల్పు తర్వాత వేసినవి. గుడ్డుసొనతోనో జిగురుతోనో అంటించిన ఆ రంగు పొగకు నల్లబడుతుంది, తేమకు పొలుసులు లేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే మసితోపాటు మరియమ్మ చెంప కూడా గుడ్డకు అంటుకొస్తుంది. నేరి ది బిచ్చి అనే చిత్రకారుడు 1453 నుంచి 1475 దాకా రాసుకున్న దినచర్య లెక్కల పుస్తకం మిగిలింది. శిల్పుల దగ్గర పోసిన గచ్చు మరియమ్మలకు రంగులు వేయడం అతని అంగడిలో మామూలు పని. ఇలాంటి స్వరూపాలకు గిరాకీ ఎంత ఉండేదో అతని పద్దుల్లో కనిపిస్తుంది.

ఈ పరిస్థితిలోకి లూకా దెల్లా రోబ్బియా వచ్చాడు. సుమారు 1400లో పుట్టినవాడు. 1431 నుంచి 1438 వరకు ఫ్లోరెన్స్ మహాదేవాలయం కోసం పాలరాతిలో పాటగాళ్ళ వేదిక చెక్కాడు. పాడుతూ, ఆడుతూ, బూరలూదుతూ ఉన్న ఆ పిల్లల శిల్పం చూస్తే ఇతను మట్టి పట్టుకోవలసిన అవసరం ఏమొచ్చిందా అనిపిస్తుంది. 1436లో లియోన్ బత్తిస్తా అల్బెర్తి చిత్రకళ మీద రాసిన పుస్తకాన్ని అంకితమిస్తూ పేర్లెత్తి మెచ్చుకున్న కొద్దిమందిలో బ్రునెల్లెస్కి, దొనతెల్లో, గిబెర్తి, మసాచ్చోలతోపాటు లూకా ఉన్నాడు. జార్జో వసారి తరువాతి శతాబ్దంలో ఇతని చరిత్ర రాస్తూ రాయి వదిలి మట్టికి మళ్ళడానికి ఒక కారణం చెప్పాడు. పాలరాయికీ కంచుకూ పట్టిన కాలం, పడిన శ్రమ, చేతికొచ్చిన డబ్బు లెక్కేసుకుంటే మిగిలింది అంతంత మాత్రమేనట. అందుకని మట్టిలో చేసి, దానికి ఎప్పటికీ చెడని పూత వేసే ఉపాయం వెతికాడట. వసారి కథలు చెప్పడంలో దిట్ట, పూర్తిగా నమ్మనక్కర్లేదు. కానీ శిల్పి కూడా ఇంటి ఖర్చులు లెక్కేసుకునే మనిషేనని ఒప్పుకోవడం నాకు నచ్చింది.

దస్తావేజుల్లో తేదీతో దొరికే లూకా తొలి మెరుపుపూత పని 1441-42 నాటిది. ఒక ఆసుపత్రి చర్చి కోసం చేసిన పాలరాతి మందసం అది. నేపథ్యానికీ అలంకారానికీ మాత్రమే రంగు పూత వేసిన మట్టి వాడాడు. ఇప్పుడది ఫ్లోరెన్స్ విమానాశ్రయం ఉన్న పెరెతోలాలోని చర్చిలో ఉంది. ఆ వెంటనే, 1442-45 మధ్య, మహాదేవాలయంలో ఒక తలుపు మీద అర్ధచంద్రాకారంలో క్రీస్తు పునరుత్థానాన్ని పూర్తిగా పూతపూసిన మట్టిలో చేశాడు. నీలి నేపథ్యం, తెల్లటి మనుషులు. ఐదున్నర శతాబ్దాలు దాటినా రంగు వెలవలేదు.

పూత లూకా కనిపెట్టింది కాదు. 9వ శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు చైనా నుంచి ఓడల్లో వచ్చే తెల్లటి పింగాణీని చూసి అలాంటిది చేయాలనుకున్నారు. వాళ్ళ దగ్గర చైనావాళ్ళ తెల్లమట్టి లేదు. అందుకని తమ మామూలు మట్టికే తగరం కలిపిన తెల్లటి పూత వేశారు. ఆ విద్య ముస్లిం పాలనలోని స్పెయిన్‌కు చేరింది, అక్కణ్ణుంచి మధ్యధరా ఓడరేవుల మీదుగా ఇటలీకి. లూకా కాలానికి వలెన్సియా దగ్గరి మనీసెస్‌లో చేసిన పళ్ళేలు ఫ్లోరెన్స్ ధనవంతుల ఇళ్ళలో ఉన్నాయి. ఇటలీ కుమ్మరులూ మందుల జాడీలకూ కూజాలకూ అదే పూత వేస్తున్నారు. బాగ్దాద్ ఖలీఫాల కాలపు కుమ్మరి కిటుకు క్రైస్తవుల మరియమ్మ ముఖానికి మెరుపు తెచ్చింది. అప్పట్లో ఎవరూ దీన్ని వింతగా చూసినట్టు లేదు.

ఆ పూత ఎలా తయారవుతుందో 1557 ప్రాంతంలో చిప్రియానో పిక్కొల్‌పాస్సో బొమ్మలతో సహా రాసిపెట్టాడు. చేతిరాత ప్రతి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ముందు వైను పీపాల అడుగున మిగిలిన మడ్డిని ఎండబెట్టి కాలుస్తారు. ఆ బూడిదలో పొటాష్ ఉంటుంది. దాన్ని మెత్తటి ఇసుకతో కలిపి ఆవంలో పెడితే ముడి గాజు గడ్డ కడుతుంది. ఇసుక ఒంటరిగా కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి, కుమ్మరి ఆవం అంత వేడెక్కదు. పొటాష్ ఆ పట్టును సడలిస్తుంది. మరో పక్క సీసాన్నీ తగరాన్నీ కలిపి కరిగించి, గాలి తగిలేలా కాలుస్తూ పోతే పైన తేలేది పసుపు తెలుపు కలిసిన బూడిద. గాజు గడ్డనూ ఈ బూడిదనూ కలిపి నీళ్ళతో మెత్తగా నూరి, చిక్కటి ద్రవం చేసి, ఒకసారి కాల్చిన మట్టి మీద పూస్తారు. మళ్ళీ ఆవంలో పెడతారు. 900 డిగ్రీలు దాటాక సీసం వల్ల గాజు బాగా పారి, సందుల్లోకి దిగి, మట్టిని గట్టిగా పట్టుకుంటుంది.

తెలుపు తగరం వల్ల వస్తుంది, కానీ తగరం ఆక్సైడ్ తెల్లరంగు కాబట్టి అని సరిపెట్టుకుంటే విషయం సగమే తెలిసినట్టు. తగరం ఆక్సైడ్ కరిగిన గాజులో సరిగా కలవదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే చిన్న స్ఫటికాలుగా గాజంతా చెదిరి ఉండిపోతుంది. ఆ స్ఫటికాల వక్రీభవన గుణకం సుమారు 2. చుట్టూ ఉన్న సీసపు గాజుది 1.6 దరిదాపుల్లో. ఈ తేడా వల్ల లోపలికి దిగిన వెలుగు అడుగడుగునా దిశ మార్చుకుంటుంది, అన్ని రంగులూ సమానంగా చెదిరి మళ్ళీ బయటికి వస్తాయి. కంటికి తెలుపు కనిపిస్తుంది, కింద మట్టి రంగు కనిపించదు. తగరం లేకుండా సీసపు గాజు ఒక్కటే పూస్తే పారదర్శకంగా ఉండి, మట్టి ఉన్న రంగులోనే తేలేది. అందుకే తగరానికి అంత విలువ. ఐరోపాలో దానికి పేరుపడ్డ గనులు ఎక్కడో ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో ఉన్నాయి. మరియమ్మకు చేసే ఖర్చులో మట్టి వాటా దాదాపు సున్నా, తగరం వాటా చాలా.

లూకా తన రహస్యాన్ని గట్టిగా దాచుకున్నాడని వసారి కాలం నుంచీ చెప్పుకుంటారు. పూత రహస్యం కాదని చూశాం. ఊళ్ళో ప్రతి జాడీ కుమ్మరికీ అది తెలుసు. నాకు తోచినంతలో అసలు రహస్యం కింద ఉన్న మట్టిలో ఉంది. ఇటీవలి దశాబ్దాల్లో మ్యూజియం ప్రయోగశాలలు దెల్లా రోబ్బియాల మట్టిని పరిశీలిస్తే అందులో సున్నం చాలా ఎక్కువని తేలింది. కాల్చిన మట్టిలో ఐదో వంతుకు అటూ ఇటూ కాల్షియం ఆక్సైడే. పూర్వం సముద్రపు అడుగున పేరుకున్న బంకమన్ను అది.

సున్నం ఏం చేస్తుంది? మామూలు ఎర్రమట్టిని ఎంత ఎక్కువ కాలిస్తే అంత కుదించుకుపోతుంది. ఆవంలో ఒక మూల 900, ఇంకో మూల 1000 డిగ్రీలు ఉంటే ఒకే స్వరూపం తలవైపు ఒకలా, కాళ్ళవైపు ఒకలా కుదించుకుని చీలిపోతుంది. సున్నపు మట్టిలో సుమారు 850 డిగ్రీల నుంచి సున్నమూ ఇసుకా బంకమన్నూ కలిసి కొత్త స్ఫటికాలు కడతాయి. అవి లోపల బొంగుల నిర్మాణంలా నిలబడి, 1050 దాకా మట్టిని పెద్దగా కదలనివ్వవు. కట్టెల మంటతో కాల్చే రోజుల్లో ఇది పెద్ద ఊరట. మట్టిలోని ఇనుము కూడా ఆ కొత్త స్ఫటికాల్లోకి వెళ్ళిపోతుంది, కాబట్టి కాలిన మట్టి ఎర్రగా కాక పాలిపోయిన పసుపు ఛాయలో వస్తుంది. దాన్ని కప్పడానికి పలచటి తెల్లపూత చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చల్లారేటప్పుడు జరుగుతుంది. పూతా మట్టీ రెండూ కుదించుకుంటాయి. పూత ఎక్కువ కుదించుకుంటే అది సాగి, సన్నని నెర్రెలు పడుతుంది. ఆ నెర్రెల్లోకి తేమ దిగి, చివరికి పూత పెచ్చులూడుతుంది. సున్నపు మట్టి కుదింపు పూత కన్నా కొంచెం ఎక్కువ. బండి చక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగితే చల్లారుతూ అది చెక్కను ఎలా బిగించి పడుతుందో, మట్టి కూడా పూతను అలా బిగించి పడుతుంది. నొక్కుడులో ఉన్న గాజు సులభంగా పగలదు. కుమ్మరులకు ఇది కొంత తెలుసు, చిన్న పాత్రల మీద చిన్న పొరపాటు సాగిపోతుంది కూడా. అరచేయంత మందం, మనిషంత పొడవు ఉన్న శిల్పం మీద సాగదు. లూకా కుటుంబం ఎన్నో ఏళ్ళు ఒకే రకం మట్టిని పట్టుకుని ఉండడానికి ఇదే కారణమనుకుంటాను.

పూత శిల్పశైలిని కూడా మార్చింది. తడి పూత మందంగా పడితే సన్నని గీతలు పూడిపోతాయి. వెంట్రుక వెంట్రుకా చెక్కి ప్రయోజనం లేదు. లూకా మరియమ్మల్లో జుట్టు పెద్ద పాయలుగా, చీరకుచ్చెళ్ళలాంటి వస్త్రపు మడతలు లోతుగా, ముఖం నున్నగా ఉంటాయి. ఆ ప్రశాంతతను కళావిమర్శకులు అతని స్వభావానికి ముడిపెడతారు. కొంత నిజమే కావచ్చు, కాని అందులో పూత వంతు కూడా ఉంది. కనుపాపలూ కనుబొమలూ మాత్రం కుంచెతో సన్నగా దిద్దాడు. తెల్లటి ముఖంలో ఆ నీలిబూడిద చూపు ఎదుట మోకరించినవాళ్ళ మీద పడుతుంది.

రంగుల విషయంలోనూ ఇదే. తెలుపు అంటే పవిత్రత, నీలం అంటే పరలోకం అని పుస్తకాలన్నీ రాస్తాయి. అప్పటి భక్తులు అలా అనుకునే ఉంటారు. కానీ తగరం పూత మీద 900 డిగ్రీల మంటకు తట్టుకునే రంగులు ఎన్ని? కోబాల్ట్ ఇచ్చే నీలం, రాగి ఇచ్చే ఆకుపచ్చ, సీసమూ ఆంటిమొనీ కలిసి ఇచ్చే పసుపు, మాంగనీస్ ఇచ్చే ఊదా. మంచి ఎరుపు లేదు. ఎరుపు లేకపోతే మనిషి ఒంటి ఛాయ రాదు. అలాంటప్పుడు ఒంటిని తెల్లగా వదిలేస్తే పాలరాతి గౌరవమూ దక్కుతుంది, రంగు కుదరలేదన్న లోటూ కనిపించదు. లూకా ఇక్కడ గొప్ప తెలివి చూపించాడు. అతని సోదరుడి మనవడు జొవాన్ని నాటికి జనం ముచ్చట మారింది, రంగులు ఎక్కువ కావాలన్నారు. అప్పుడు వస్త్రాలకు, పళ్ళ తోరణాలకు అన్ని రంగుల పూతా వేసి, ముఖాలూ చేతులూ మాత్రం పూత లేకుండా వదిలి, చల్లారాక మామూలు రంగులు వేసేవారు. ఆ చల్లరంగులు చాలావరకు రాలిపోయి, ఇప్పుడు మెరిసే వస్త్రాల మధ్య మట్టి ముఖాలు కనిపిస్తాయి.

లూకా 1471లో రాసిన వీలునామాలో తన పనినీ అంగడినీ సోదరుడి కొడుకు ఆంద్రేయాకు వదిలాడు. అతనికి ఈ విద్య నేర్పాననీ, దానితో అతను బతకగలడనీ అందులో చెప్పాడు. ఆంద్రేయా బతకడమే కాదు, కుటుంబాన్ని పరిశ్రమగా మార్చాడు. 1435లో పుట్టి 1525 దాకా జీవించాడు. ఐదుగురు కొడుకులు అంగడిలో పనిచేశారు.

అతని చేతిలో అచ్చు ముఖ్యమైంది. మూలశిల్పం మీద గచ్చుపొడితో అచ్చు తీసి, ఆ అచ్చులోకి మట్టిని వేళ్ళతో నొక్కుతారు. గచ్చు నీటిని పీల్చుకోగానే మట్టి కొంచెం కుదించుకుని అచ్చును వదిలేస్తుంది. వెనకవైపు మట్టిని తోడేసి మందం అంతటా ఒకేలా ఉండేట్టు చూస్తారు. లేకపోతే ఎండేటప్పుడు మందం చోటా పలచన చోటా వేర్వేరుగా కుదించుకుని పగుళ్ళిస్తుంది. పెద్ద శిల్పాలైతే ముక్కలుగా కోసి విడివిడిగా కాలుస్తారు. కోత గీతను వస్త్రపు మడతల వెంట, రెక్కల అంచుల వెంట తీసుకెళ్ళి దాచేస్తారు. ఇంటి మరియమ్మలకు ఈ తంటా లేదు, చాలావరకు ఒక్క ముక్క. అచ్చు నుంచి వచ్చాక తడిగా ఉండగానే చేయి కొంచెం తిప్పుతారు, తల కాస్త వంచుతారు, అడుగున దేవదూతల తలలు కలుపుతారు, లేదా తీసేస్తారు. కొనేవాడి సొమ్మును బట్టి నేపథ్యం నీలం ఉండొచ్చు, పళ్ళ తోరణం చట్రం ఉండొచ్చు, వస్త్రపు అంచుకు బంగారు గీత ఉండొచ్చు.

ఇలా ఎక్కువగా చేసిన రూపాల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బిడ్డ యేసు పచ్చికలాంటి నేల మీద పడుకుని ఉంటాడు. మరియమ్మ ఒళ్ళో పెట్టుకోలేదు, ముందు మోకరించి చేతులు జోడించింది. పక్కన లిల్లీ మొక్క, పైన దేవదూతలు. ఆంద్రేయా లా వెర్నా కొండ మఠం కోసం దీన్ని బలిపీఠం మీద పెట్టే పెద్ద శిల్పంగా చేశాడు. చిన్న రూపాలు అనేక మ్యూజియాల్లో ఉన్నాయి. దీనికి మూలం స్వీడన్ పునీతురాలు బ్రిజిట్ 1372లో బేత్లెహేములో చూసినట్టు చెప్పిన దర్శనం. ప్రసవమైన వెంటనే బిడ్డ నేల మీద వెలుగుతూ ఉండగా తల్లి మోకాళ్ళ మీద ఆరాధించిందని ఆమె చెప్పింది. పడకగదిలో ఈ స్వరూపం ఉంటే ఏం జరుగుతుందో ఊహించండి. పురుడు పోసుకోబోయే ఆడది దాని ముందు మోకరిస్తుంది. లోపల మోకరించిన తల్లికీ బయట మోకరించిన తల్లికీ మధ్య నేల మీద బిడ్డ ఒక్కడే. ఇలాంటి ఏర్పాటును చర్చి బలిపీఠం మీద అంత దగ్గరగా పొందడం కష్టం.

వెలుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు గాజు మీద నేరుగా పడిన వెలుగులో 4 శాతం అద్దంలోలా వెనక్కి వస్తుంది. సీసం ఎక్కువున్న గాజు మీద అంతకన్నా ఎక్కువే వస్తుంది. పాలరాయికీ రంగేసిన గచ్చుకూ ఇంత మెరుపు లేదు. కొవ్వొత్తి జ్వాల కదిలితే మరియమ్మ చెంప మీది, బిడ్డ మోకాలి మీది మెరుపు చుక్కలు చోటు మారతాయి. మనం తల తిప్పినా మారతాయి. విద్యుద్దీపాల కింద, కదలని వెలుగులో మ్యూజియంలో చూసేవాళ్ళకు ఇది తెలియదు. కొందరికి ఈ పూత చవకబారు తళుకులా అనిపించేది అందుకేననుకుంటాను. వాటిని చేసింది ఒక్క జ్వాలతో వెలిగే గది కోసం.

పూతకు దక్కిన అసలు మెచ్చుకోలు మాత్రం ఇల్లాళ్ళ నుంచి వచ్చి ఉంటుంది. మసి పడితే తుడిస్తే పోతుంది. ఐదొందల ఏళ్ళ తర్వాత మ్యూజియం సంరక్షకులూ మెత్తటి గుడ్డ తడిపి అదే చేస్తున్నారు.

ఫ్లోరెన్స్‌లో ఇలా ఉండగా, అపెన్నైన్ కొండలకు అవతల ఫాయెన్జా పట్టణంలో పళ్ళేలు చేసే కుమ్మరులు తమ దారిలో చిన్న చిన్న స్వరూపాలు చేశారు. మేజా మీద పట్టేంతవి. శిలువ నుంచి దించిన క్రీస్తు చుట్టూ రోదించేవాళ్ళ గుంపు ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, దాని మీద 1487 అని రాసి ఉంది. ఇంకా విచిత్రమైనవి సిరాబుడ్డిగా పనికొచ్చే క్రీస్తు జనన దృశ్యాలు. పశువుల పాక, మరియ, యోసేపు, ఎద్దు, గాడిద, వాళ్ళ మధ్యలోనే ఎక్కడో సిరా పోసుకునే గుంట. నీలం, ఆరెంజి, ఆకుపచ్చ రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారి, ముఖాలు మొద్దుగా ఉంటాయి. లూకా పక్కన పెడితే నిలవవు. కానీ ఉత్తరం రాసేవాడు, పద్దు రాసేవాడు కలం ముంచిన ప్రతిసారీ బేత్లెహేములో ముంచాలి. ఇంటి భక్తి మోకరించిన వేళకే పరిమితం కాదని ఇవి గుర్తుచేస్తాయి. వీటిని నేను దెల్లా రోబ్బియాల గొప్ప పనులంతగానూ ఇష్టపడతాను.

1490లలో ఫ్లోరెన్స్ సవొనరోలా అనే సన్యాసి ప్రసంగాలకు ఊగిపోయింది. అద్దాలు, విగ్గులు, పేకముక్కలు, అశ్లీలమని తోచిన చిత్రాలు 1497లో నగర ప్రధాన కూడలిలో పోగేసి కాల్చారు. ఆంద్రేయా కొడుకులిద్దరు సాన్ మార్కో మఠంలో సవొనరోలా చేతి మీదుగా సన్యాసం తీసుకున్నారని వసారి రాశాడు. ఆ ఇద్దరు, ఫ్రా మత్తియా, ఫ్రా అంబ్రోజో, మఠంలో ఉంటూనే మట్టి పని మానలేదు. 1498లో సవొనరోలాను ఉరితీసి కాల్చారు. ఆ కల్లోలంలోనూ నిరాడంబరమైన తెల్ల మరియమ్మల బేరం సాగింది. ఆడంబరం వద్దన్నవారికీ మట్టి మీద అభ్యంతరం లేదు.

ఈ విద్య అంగడి దాటిన కథ ఒకటి వసారి చెబుతాడు. ఆంద్రేయా ఇంటి నుంచి వచ్చిన ఒక స్త్రీ ద్వారా బెనెదెత్తో బుల్యోని అనే శిల్పి రహస్యం సంపాదించాడట. ఎవరా స్త్రీ, ఏం చెప్పింది, వసారి చెప్పలేదు. మట్టి ఎక్కడ తవ్వాలో చెప్పి ఉంటుందని నా ఊహ. బుల్యోనిలు పోటీ అంగడి పెట్టి బాగానే సంపాదించారు. ఆంద్రేయా కొడుకు జిరొలామో ఫ్రాన్స్ రాజు కొలువుకు వెళ్ళిపోయాడు. జొవాన్ని 1530 ప్రాంతంలో పోయాడు. బెనెదెత్తో వారసుడు సాంతి బుల్యోని 1576లో కన్నుమూయడంతో ఫ్లోరెన్స్‌లో ఈ చేతివిద్య పరంపర తెగిపోయింది.

19వ శతాబ్దంలో దెల్లా రోబ్బియాలకు మళ్ళీ మోజు పుట్టింది. లండన్‌లోని ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఇటలీ నుంచి పెద్ద ఎత్తున కొన్నది. పడకగదుల గోడల నుంచి, వీధి మూలల గూళ్ళ నుంచి స్వరూపాలు ఊడి ఓడలెక్కాయి. గిరాకీ ఉంటే నకలు రాక మానదు. ఏది అసలు, ఏది నకలు అన్నది ఇప్పుడు భౌతికశాస్త్రం తేల్చగలదు. మట్టిలోని ఇసుకరేణువులు చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల నుంచి వచ్చే వికిరణాన్ని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తమలో దాచుకుంటాయి. ఆవంలో కాల్చినప్పుడు ఆ నిల్వ మొత్తం ఖాళీ అవుతుంది, లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. వెనకవైపు చిటికెడు పొడి తీసి వేడి చేస్తే, దాచుకున్నది మసక వెలుగుగా బయటికి వస్తుంది. ఎంత వెలుగో కొలిస్తే ఆఖరిసారి ఎప్పుడు కాలిందో తెలుస్తుంది. పదీ ఇరవై శాతం అటూ ఇటూ అయినా, 500 ఏళ్ళకూ 140 ఏళ్ళకూ తేడా పట్టడానికి అది చాలు.

పూత కూడా సాక్ష్యం చెబుతుంది. పారిస్ లూవ్ర్ భవనాల అడుగున ఒక కణత్వరణ యంత్రం ఉంది. దాని ప్రోటాన్ పుంజాన్ని నీలిపూత మీద పడేస్తే, లోపలి మూలకాలు వాటివాటి ఎక్స్‌రేలతో బదులిస్తాయి. స్వరూపానికి గీత కూడా పడదు. ఇలా దెల్లా రోబ్బియాల నీలాలు పరీక్షించినప్పుడు, సుమారు 1520కి ముందు చేసినవాటి కోబాల్ట్‌లో ఆర్సెనిక్ లేదని, ఆ తరువాతివాటిలో ఉందని తేలింది. జర్మన్ సాక్సనీ కొండల గనుల నుంచి వచ్చే ఖనిజం రకమో, దాన్ని కాల్చే పద్ధతో ఆ సమయంలో మారింది. ఫ్లోరెన్స్ పడకగదిలోని నీలానికి తేదీ పెట్టేది సాక్సనీ గని కార్మికుడన్నమాట.

అన్ని నకళ్ళకూ ఇంత యంత్రాంగం అక్కర్లేదు. 1878 నుంచి ఫ్లోరెన్స్‌లో ఉలీస్సే కంతగల్లి నడిపిన కర్మాగారం లూకా, ఆంద్రేయాల మరియమ్మలను చక్కగా తిరిగి పోసి, నకలు అని బాహాటంగా చెప్పే అమ్మింది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో మధ్యతరగతి ఇళ్ళు వాటిని కొని గోడకు తగిలించుకున్నాయి. అలాంటిది ఎక్కడైనా ఎదురైతే వెనక్కి తిప్పి చూడాలి. కూత వేస్తున్న కోడిపుంజు ముద్ర ఉంటుంది.